విజయవాడ బయలుదేరే ముందు గ్రీన్‌కార్డు విషయంలో చేయవలసినవి

చిరంజీవి శ్రీధర్‌కు మామయ్య ఆశీస్సులు.

బావగారికి పక్షవాతం వచ్చిందనీ, ఏడాదిన్నర పాటు విజయవాడలోనే ఉండి ఆయన్ని చూసుకోవాలని నీవు అనుకుంటున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. కొడుకుగా చేయదగిన పనే. అయితే గ్రీన్‌కార్డు వచ్చి ఇంకా మూడేళ్ళు నిండలేదు కనుక, విమానం ఎక్కకముందే నీవు చక్కబెట్టుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

ఆరు నెలలకొకసారి వచ్చి ముఖం చూపించి వెళితే కార్డుకు ఢోకా లేదన్న నమ్మకం మనవాళ్ళలో బాగా పాతుకుపోయింది. నీవు దానిమీద ఆధారపడవద్దు. నీ శాశ్వత నివాసం ఇప్పటికీ అమెరికాయేనా, ఇండియాలో ఉంటున్నది తాత్కాలికమైన పని మీదేనా అన్నదే అధికారులు తేల్చుకునే విషయం. ప్రతిసారీ ఐదు నెలలకే తిరిగివచ్చి, పది రోజులుండి మళ్ళీ వెళ్ళిపోయే పెద్దవాళ్ళను కూడా విమానాశ్రయంలో నిలదీయవచ్చు. 180 రోజులు దాటితే నిన్ను కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిగా పరిగణించే వీలు చట్టంలో ఉంది. ఏడాది దాటితే, తిరిగి రావడానికి కార్డు ఒక్కటే చాలదు.

అందువల్ల ముందుగా ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్‌కు, అంటే ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రానికి, దరఖాస్తు పెట్టు. దరఖాస్తు పెట్టే నాటికి నీవు అమెరికాలోనే ఉండాలి. విజయవాడ చేరాక గుర్తొస్తే చేయగలిగింది ఉండదు. వేలిముద్రలకు పిలిస్తే అవి కూడా ఇక్కడే ఇవ్వాలి కనుక, బావగారి పరిస్థితి అనుమతిస్తే ఆ పని అయ్యేదాకా ఆగి వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. పర్మిట్‌ను ఇండియాలోని అమెరికన్ కాన్సులేటుకు పంపమని ఫారంలోనే కోరవచ్చు. అది గరిష్ఠంగా రెండేళ్ళు చెల్లుతుంది, పొడిగింపు ఉండదు. పర్మిట్ లేకుండా ఏడాది దాటినవారు, తిరిగి వచ్చే శాశ్వత నివాసుల కోసం ఉన్న ఎస్‌బీ-1 వీసా అడగాలి. ఆలస్యం తమ చేతిలో లేని కారణాల వల్లే జరిగిందని రుజువు చేయడం అంత తేలిక కాదు.

పర్మిట్ ఉన్నంత మాత్రాన ఇక్కడి బంధాలు తెంచుకోవచ్చని కాదు. అపార్టుమెంటు ఖాళీ చేయవలసి వస్తే సామాను స్టోరేజీలో పెట్టి ఆ రసీదులు దాచు. చిరునామా మారిన పది రోజుల్లోగా ఆ సంగతి అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి. బ్యాంకు ఖాతా, డ్రైవింగు లైసెన్సు అలాగే ఉంచు. కంపెనీ సెలవు ఇస్తూ రాసిన ఉత్తరం, బావగారి ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఫిజియోథెరపీ బిల్లులు ఒకే ఫైలులో పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు చేతిసంచిలోనే తెచ్చుకో.

పన్నుల దగ్గర చాలామంది తెలియకుండానే చిక్కుల్లో పడతారు. అక్కడున్నా ఏటా ఇక్కడి ఆదాయపన్ను రిటర్ను, అంటే 1040 ఫారం, దాఖలు చేయాలి. నాన్‌రెసిడెంటునని రాసి రిటర్ను వేస్తే, నివాసం వదులుకున్నావనడానికి నీవే సాక్ష్యం ఇచ్చినట్లవుతుంది. ఇండియా బ్యాంకుల్లో ప్రవాసుల కోసం ఉండే ఎన్ఆర్ఈ డిపాజిట్ల వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా ఇక్కడ దాన్ని ఆదాయంగా చూపించాలి. బావగారి ఖాతా నడపడానికి నీ పేరు జాయింటుగా చేర్చుకుంటారేమో, ఆ ఖాతా కూడా లెక్కలోకి వస్తుంది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు తెలిపే ఎఫ్‌బార్ అనే నివేదిక దాఖలు చేయక తప్పదు.

తిరిగి వచ్చినప్పుడు అధికారి ఎవరైనా ఐ-407 ఫారం ముందుపెట్టి సంతకం చేయమంటే తొందరపడకు. అది నివాస హోదాను స్వచ్ఛందంగా వదులుకునే పత్రం, దానిమీద సంతకం చేసి తీరాలన్న నిర్బంధం లేదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు నా వాదన చెప్పుకుంటానని మర్యాదగా అడుగు.

ఇక పౌరసత్వం మాట. రీఎంట్రీ పర్మిట్ కార్డును కాపాడుతుందే తప్ప పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసాన్ని కాపాడదు. ఒకేసారి ఏడాది, అంతకు మించి బయట ఉంటే ఆ లెక్క తెగిపోతుంది. తిరిగి వచ్చాక కనీసం నాలుగేళ్ళ ఒక రోజు ఆగితే గానీ దరఖాస్తుకు అర్హత రాదు. నీ చెల్లెలు కూడా కొంతకాలం బావగారి దగ్గర ఉండగలిగితే, ఒక్కో విడత ఆరు నెలలకు లోపలే ముగిసేలా మీరిద్దరూ వంతులు వేసుకోండి. అప్పుడు కూడా ఐదేళ్ళలో 30 నెలలు అమెరికాలో గడిపినట్లు లెక్క తేలాలి.

రీఎంట్రీ పర్మిట్ దరఖాస్తు ఈ వారంలోనే నింపి, సంతకం చేసే ముందు ఒకసారి నాకు పంపు. ఆదివారం బావగారితో నేనే మాట్లాడి, నీ ప్రయాణం కొన్ని వారాలు వెనక్కి జరిగినా కంగారుపడవద్దని చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య