'నాకు తెలియదు' అంటే అక్కకు ద్రోహం చేసినట్టా?

ప్రశ్న: మా అక్క చనిపోయి రెండేళ్లు దాటింది. ఇంట్లోనే, తెల్లవారుజామున. పోలీసులు హత్యగా అనుమానించి దర్యాప్తు చేస్తున్నారు కానీ ఇంతవరకూ ఎవరినీ అరెస్టు చేయలేదు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది బావ, అప్పటికి తొమ్మిదేళ్ల పాప మాత్రమే. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ బావే చేశాడంటున్నారు. అక్క శవం దగ్గర ఆయన కంటతడి పెట్టలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మకూ అదే నమ్మకం. పాప ఇప్పుడు మా దగ్గరే ఉంది. వారానికోసారి వచ్చి చూస్తానని బావ అడుగుతున్నాడు. ఒక రోజు ఆయనే చేశాడనిపిస్తుంది. మర్నాడు 'ఛీ, పన్నెండేళ్లు చూసిన మనిషి' అనిపిస్తుంది. అక్క ముందు రోజు పంపిన వాయిస్ మెసేజ్ రోజూ వింటున్నాను. 'పని అయ్యాక ఫోన్ చెయ్యవే, ఒక విషయం చెప్పాలి' అంటుంది. మొదట్లో మామూలుగానే అనిపించేది. ఇప్పుడు ఆ గొంతులో భయం వినిపిస్తోంది. అమ్మేమో రాత్రిపూట పాపను పక్కన పడుకోబెట్టుకుని 'ఆ రోజు నాన్న అరిచాడు కదూ?' అని అడుగుతుంటుంది. 'నువ్వు ఎవరి పక్షం?' అని నన్ను నిలదీస్తోంది. మొన్న పాప 'పిన్నీ, నాన్నే చంపాడా?' అంది. నాకు నోట మాట రాలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందుగా ఒక్క మాట. మీరు రాసిన దాంట్లో నన్ను అన్నిటికంటే కంగారు పెట్టింది రాత్రిపూట పాపను అడిగే ఆ ప్రశ్న. మిగతావన్నీ కాస్త ఆగుతాయి. అది మాత్రం ఈ రోజే ఆగాలి.

అమ్మగారి మీద నాకు కోపం లేదు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, జవాబు కోసం ఎక్కడ దొరికితే అక్కడ వెతుకుతుంది. కానీ 'అరిచాడు కదూ?' అని అడిగామంటే జవాబు మనమే చెప్పి తలూపమన్నట్టే. పిల్లలు తమను ప్రేమించే పెద్దవాళ్ల మొహం చూసి, వాళ్లకు ఏ మాట చెబితే ఊరటగా ఉంటుందో కనిపెడతారు. పదిసార్లు అడిగాక పదకొండోసారి 'అవును' అంటారు. అందులో అబద్ధమాడే ఉద్దేశం ఉండదు. కొన్నాళ్లకు ఆ అరుపు నిజంగానే విన్నట్టు గుర్తుండిపోతుంది. అప్పుడు పాప నిజంగా చూసింది ఏది, అమ్మమ్మ దగ్గర పడుకుని తెలుసుకున్నది ఏది అని ఎవరూ విడదీయలేరు. రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది కూడా దాన్నే. ఒకవేళ బావగారే చేసి ఉంటే, ఆయన్ను బయటపడేసేది కూడా ఈ ప్రశ్నే కావచ్చు. అమ్మగారికి ఈ మాట ఇలాగే చెప్పండి. 'అడగొద్దు' అంటే ఆవిడ వినకపోవచ్చు. 'నువ్వు అడిగేకొద్దీ కేసు బలహీనపడుతుందమ్మా' అంటే వింటారని నా నమ్మకం.

పాప తనంతట తాను ఏమైనా చెబితే, చేస్తున్న పని ఆపి వినండి. 'తర్వాత?' అనొచ్చు, 'ఇంకేమైనా చెప్పాలనుందా?' అనొచ్చు. అంతకు మించి వద్దు. తర్వాత ఒక పుస్తకంలో తేదీ వేసి, పాప వాడిన మాటలు వాడినట్టే రాసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. 'గట్టిగా మాట్లాడాడు' అంటే 'గట్టిగా మాట్లాడాడు' అనే రాయండి, 'అరిచాడు' అని మార్చొద్దు. పిల్లలతో ఎలా మాట్లాడాలో శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. పాప వాంగ్మూలం ఇంకా తీసుకోకపోతే అలాంటి వాళ్ల చేత తీయించమని అడగండి. పాప భయాల కోసం, నిద్ర కోసం పిల్లల కౌన్సెలర్ దగ్గరికి విడిగా తీసుకెళ్లండి. ఆ గదిలోనూ ఎవరూ కేసు గురించి కూపీ లాగకూడదు.

ఇక వాయిస్ మెసేజ్. అక్క గొంతు మారలేదు. రెండేళ్లుగా చుట్టూ వినిపిస్తున్న మాటలతో మీ చెవి మారింది. ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరుడితో కలిసి ఒక ప్రయోగం చేశారు. కొందరికి కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. 50 మందిని 'ఢీకొన్నప్పుడు' అనే మాటతో, ఇంకో 50 మందిని 'నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు' అనే మాటతో అడిగారు. వారం తర్వాత మళ్లీ పిలిచి, పగిలిన అద్దం ముక్కలు చూశారా అన్నారు. 'ఢీకొన్న' అని విన్నవాళ్లలో 7 మంది, 'గుద్దుకున్న' అని విన్నవాళ్లలో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో అద్దం ముక్కలే లేవు. ప్రశ్నలో ఒక్క మాట మారితే, తమకు ఏమీ కాని కార్ల విషయంలోనే ఇంత తేడా వచ్చింది. మరి మీరు సొంత అక్క గొంతును రెండేళ్లుగా జనం మాటల మధ్య కూర్చుని వింటున్నారు.

అలాగని అక్క భయపడలేదని నేను అనడం లేదు. ఆ 'ఒక విషయం' ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మీరు పోలీసులకు మొదటిసారి ఏం చెప్పారో అదే మీ సాక్ష్యం. దానికి తర్వాత అనిపించినవి కలపకండి. కొత్తగా ఏదైనా నిజంగా గుర్తొస్తే, ఇది ఎప్పుడు గుర్తొచ్చిందో, ఏం విన్నాక గుర్తొచ్చిందో అదీ కలిపి చెప్పండి.

బావ ఏడవలేదన్న సంగతికి వద్దాం. ఆస్ట్రేలియాలో 1980 ఆగస్టు 17 రాత్రి, ఉలురు కొండ దగ్గర టెంట్ వేసుకున్న ఒక కుటుంబంలో తొమ్మిది వారాల పసిపాప అజారియా మాయమైంది. డింగో, అంటే అక్కడి అడవి కుక్క, ఎత్తుకెళ్లిందని తల్లి లిండీ చాంబర్లెయిన్ మొదటి నిమిషం నుంచీ చెప్పింది. కానీ ఆవిడ టీవీలో జనం అనుకున్నట్టు ఏడవలేదు. మొహం గట్టిగా పెట్టుకుని మాట్లాడింది. బిడ్డకు నల్ల గౌను వేసేదట, పేరుకు అర్థం బలి అట అని జనం కథలల్లారు. పేరు గురించిన ఆ కథ శుద్ధ అబద్ధం. కారులో పసిబిడ్డ రక్తం అని నిపుణులు చెప్పిన మరక, శబ్దం రాకుండా కారు తయారీలోనే పూసే పదార్థమని తర్వాత తేలింది. 1982 అక్టోబరులో ఆవిడకు యావజ్జీవం పడింది. అప్పటికి నిండు గర్భిణి. జైల్లో ఉండగానే ఇంకో బిడ్డను కన్నది. 1986లో డింగోలు తిరిగేచోట పాప చిన్న కోటు దొరికాక విడుదల చేశారు. 1988లో శిక్ష రద్దయింది. పాపను డింగోనే ఎత్తుకెళ్లి చంపిందని అధికారికంగా రాసింది 2012లో. ముప్ఫై రెండేళ్లు పట్టింది.

మీ బావ నిర్దోషి అని చెప్పడానికి ఈ కథ చెప్పలేదు. ఏడవకపోవడం దేనికీ రుజువు కాదని చెప్పడానికి చెప్పాను. ఒకరు దిగ్భ్రాంతితో బిగుసుకుపోతారు, ఇంకొకరు అందరి ముందూ ఏడవలేరు, తప్పు చేసినవాడు బోరున ఏడవనూ వచ్చు. ఎదుటివాళ్ల దుఃఖాన్ని కొలిచి తీర్పు చెప్పే అలవాటును మన ఇళ్లలోంచి ఎప్పుడు తీసేస్తామో అని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అలాగే అమ్మగారి అనుమానాన్ని పిచ్చి అని కొట్టిపారేయకండి. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా హత్యకు గురైన స్త్రీలు, ఆడపిల్లలు సుమారు 85 వేల మంది. వాళ్లలో 51 వేల మందికి పైగా చనిపోయింది భర్త, సహచరుడు లేదా కుటుంబంలోని వాళ్ల చేతుల్లో. పోలీసులు ముందుగా ఇంట్లో వాళ్లనే ప్రశ్నించేది అందుకే. వాళ్లు ప్రశ్నించడం న్యాయమే, మీరు జాగ్రత్తపడటమూ న్యాయమే. అయితే ఆ సంఖ్య ఎటువైపు చూడాలో చెబుతుంది కానీ, ఆ తెల్లవారుజామున మీ అక్క గదిలో ఏం జరిగిందో చెప్పదు.

కాబట్టి పాపను బావగారు చూడటం గురించి నా అభిప్రాయం ఇది. ఆయన తండ్రి, పాప ఆయన్ను అడుగుతోందో లేదో మీరు రాయలేదు. ముందు అది తెలుసుకోండి. కోర్టు, పిల్లల సంరక్షణ చూసే అధికారులు ఏమైనా చెప్పి ఉంటే దాన్ని దాటొద్దు. ఏమీ చెప్పకపోతే ఒక లాయర్‌ని సంప్రదించి రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోండి. అంతవరకు కలిస్తే మీ సమక్షంలోనో, ఇద్దరూ నమ్మే పెద్దమనిషి సమక్షంలోనో మాత్రమే. ఒంటరిగా పంపొద్దు. పాపకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. బావగారికి ఇది అవమానంగా అనిపించవచ్చు. 'బావా, నేను తీర్పు చెప్పట్లేదు. కేసు తేలేదాకా పాప విషయంలో ఇలాగే ఉంటాను' అని ఆయనకే నేరుగా చెప్పండి. కేసు గురించి ఆయనతో వాదించకండి, నిజం కక్కించాలని చూడకండి. అది పోలీసుల పని. ఆయన బెదిరించినా, పాపకు ఏదైనా చెప్పమని నేర్పినా వెంటనే అధికారికి తెలియజేయండి.

పాప అడిగిన ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంది, మీరు దాన్ని జవాబు అనుకోవడం లేదు అంతే. 'నాకు తెలియదమ్మా. తెలుసుకోవడానికి పోలీసులు పనిచేస్తున్నారు. నాకు తెలిసినప్పుడు నీకు అబద్ధం చెప్పను. అమ్మ చనిపోవడంలో నీ తప్పు ఏమీ లేదు. నాన్న మీద నీకు కోపం ఉన్నా, ప్రేమ ఉన్నా, రెండూ ఉన్నా నాతో చెప్పొచ్చు.' ఈ నాలుగు ముక్కలూ ఒకసారి అద్దం ముందు అనుకుని చూడండి, పాప ముందు గొంతు వణక్కుండా వస్తాయి. వణికినా ఫరవాలేదు.

పాపను జనం నోట్లో పడనివ్వకండి. అమెరికాలో 1996 డిసెంబరులో ఆరేళ్ల జాన్‌బెనే రామ్సే సొంత ఇంట్లోనే హత్యకు గురైంది. ఏళ్ల తరబడి లోకం తల్లిదండ్రుల వైపే వేలు చూపింది. 2008లో డీఎన్‌ఏ ఆధారంగా జిల్లా ప్రాసిక్యూటర్ వాళ్లకు క్షమాపణ చెబుతూ లేఖ రాశారు. తల్లి అప్పటికి రెండేళ్ల కిందటే క్యాన్సర్‌తో చనిపోయింది. కేసు ఈనాటికీ తేలలేదు. ఆ రాత్రి ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్ల అన్న మీద కూడా జనం కథలల్లారు, పెద్దయ్యాక అతను పరువు కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. మీ పాపకూ అప్పుడు తొమ్మిదేళ్లే. ఫొటోలు ఎవరికీ ఇవ్వకండి. స్కూల్లో క్లాస్ టీచర్‌కి మాత్రం విషయం చెప్పి, పిల్లలు ఏమైనా అంటే మీకు కబురు చేయమనండి.

అడిగేవాళ్లకు ఒకే వాక్యం తయారుగా పెట్టుకోండి: 'దర్యాప్తు నడుస్తోందండీ, నేను మాట్లాడను.' ఎవరు ఎంత దగ్గరివాళ్లైనా అదే వాక్యం. 'నాకో విషయం తెలుసు' అని ఎవరైనా అంటే అధికారి నంబరు ఇవ్వండి. నిజంగా తెలిసినవాళ్లు ఫోన్ చేస్తారు. పోలీసులు మీకు కూడా అన్నీ చెప్పకపోవడం చూసి పట్టించుకోవట్లేదు అనుకోకండి. చేసినవాడికే తెలిసే వివరాలు కొన్ని బయటికి పొక్కకుండా అట్టే పెడతారు, ఎవరైనా ఒప్పుకుంటే అది నిజమో కాదో తేల్చుకోవడానికి. రామ్సే కేసులోనే 2006లో ఒకతను తానే చేశానన్నాడు, డీఎన్‌ఏ సరిపోలక వదిలేశారు. అయినా నెలకోసారి దర్యాప్తు అధికారిని కలిసి ఎంతవరకు వచ్చిందని అడగడం మీ హక్కు. రెండేళ్లుగా కదలిక లేకపోతే లాయరు ద్వారా పైఅధికారులకు, అవసరమైతే కోర్టుకు వెళ్లండి. అమ్మగారిలో ఉన్న మంటను పాప మీదికి కాకుండా ఇటువైపు మళ్లించండి. మీతో పాటు ఆవిడనూ తీసుకెళ్లండి.

'ఎవరి పక్షం?' అన్నదానికి 'అక్క పక్షం' అనండి. 'అక్కకు ఏం జరిగిందో తెలియాలి, ఊహించుకున్నది సరిపోదు నాకు' అనండి. ఆవిడ ఆ రోజు అన్నం మానేయవచ్చు, మీతో మాట్లాడకపోవచ్చు. పక్కనే కూర్చోండి.

ఆ మెసేజ్ అసలు కాపీ పోలీసుల దగ్గర ఉందో లేదో రేపు కనుక్కోండి. లేకపోతే ఫోన్ తీసుకెళ్లి ఇచ్చి, రసీదు తీసుకుని, మీకో కాపీ భద్రం చేసుకోండి. ఆ తర్వాత కొన్నాళ్లు వినకండి. ఏదో ఒక రోజు పాప 'అమ్మ గొంతు ఎలా ఉండేది పిన్నీ?' అంటుంది. ఆ రోజు ఇద్దరూ కలిసి వినండి.