ట్రాక్ డేలో (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) మలుపు మధ్యలో స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిరగకుండా ముందుకే జారిపోతుంది. ఎందుకు?

ముందు టైర్ల పట్టు అప్పటికే అయిపోయింది కాబట్టి. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. టైరుకున్న పట్టు ఒక్కటే. బ్రేకు, మలుపు, యాక్సిలరేటర్ దాన్నే పంచుకోవాలి. పైగా మలుపులో కావాల్సిన పట్టు వేగం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. గంటకు 60 కి.మీ. బదులు 66తో వెళ్తే 10 శాతం కాదు, 21 శాతం ఎక్కువ కావాలి.

కారు జారుతుంటే చాలామంది కంగారులో స్టీరింగ్ ఇంకా తిప్పుతారు. ఒక కోణం దాటాక టైరు అరుగుతుందే తప్ప పట్టు పెరగదు. స్టీరింగ్ చేతిలో ఉన్నట్టుండి తేలికైందంటే ఆ హద్దుకు చేరినట్టే. కాస్త వెనక్కి తిప్పి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. బరువు ముందు చక్రాల మీదికి వచ్చి ముక్కు లోపలికి తిరుగుతుంది. ఠక్కున వదిలేస్తే మాత్రం వెనక చక్రాలు తేలికై తోక బయటికి కొడుతుంది. ఇది అంతకంటే ప్రమాదం.

మొదట్లో బ్రేకింగ్ అంతా కారు నేరుగా ఉన్నప్పుడే ముగించండి. అది కుదిరాకే, స్టీరింగ్ తిప్పేకొద్దీ బ్రేకు పెడల్ వదులుతూ మలుపులోకి వెళ్లే ట్రెయిల్ బ్రేకింగ్ జోలికి వెళ్లండి. ల్యాప్‌కి, అంటే ట్రాక్ చుట్టూ ఒక్కో రౌండుకి, గంటకు 2-3 కి.మీ. వేగం పెంచితే చాలు.

టైర్లు వేడెక్కితే ప్రెషర్ సుమారు 4-6 పీఎస్ఐ పెరుగుతుంది. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) రాగానే కొలిచి తగ్గించండి, ఇంటికి బయల్దేరేముందు మళ్లీ నింపండి. అన్నట్టు, కారు ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు. డిస్కులు సలసలా కాగుతుంటాయి, గేర్‌లో వదిలేయండి.