ఐదు గ్రూపుల్లో ఒకే తప్పు

(సోషల్ మీడియాలో పుకార్లు, వాటి మీద జరిగే పరిశోధన గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు తిరుపతిలో ఈ విషయమే పాఠం చెప్పే అధ్యాపకురాలి జవాబులు)

ప్రశ్న: మేడమ్, మాది దామలచెరువు పక్కన పల్లె. తోతాపురి తోట ఉంది. కాయ కోతకొచ్చిన టైంలో మా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ వచ్చింది: ‘ఎల్లుండి నుంచి ఫ్యక్టరీలు కాయ దించుకోవు, ఉన్నది రెండ్రోజుల్లో అమ్ముకోండి’ అని. కాసేపట్లోనే ఐదు గ్రూపుల్లో అదే మెసేజ్. ‘ఫ్యాక్టరీలు’ అనే మాట అన్నిట్లోనూ ఒకే రకంగా తప్పు. టెన్షన్ పడి మావాళ్లు చాలామంది లేత కాయ కూడా కోసి ర్యాంపుల (కాయ కొనే చోట్ల) దగ్గర వాళ్లు చెప్పిన రేటుకే ఇచ్చేశారు. తీరా చూస్తే ఫ్యాక్టరీలు మూతపడలేదు. ఇది ఎవరైనా కావాలని చేశారా? ఎట్లా తెలుస్తుంది?
– ఒక మామిడి రైతు, పాకాల మండలం

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఏడాదంతా కాచుకున్న పంటను ఒక్క వాక్యం రెండు రోజుల్లో అమ్మించేసింది. కోసిన కాయను మళ్లీ చెట్టుకు తగిలించలేం. అందుకే మార్కెట్ పుకారును నేను చిన్న విషయంగా చూడను.

మీరు పట్టుకున్న ఆ అక్షరదోషం చాలా విలువైన ఆధారం. ఒక పోస్టులో ఉన్నది నిజమా అబద్ధమా అని తేల్చడం ఒక పని. అది ఎట్లా కదిలింది, ఎవరెవరు ఏ సమయానికి పెట్టారు, వాళ్లే మళ్లీ మళ్లీ కలిసి కనిపిస్తున్నారా అని చూడడం ఇంకో పని. పరిశోధకులు గత కొన్నేళ్లుగా ఎక్కువగా తవ్వుతున్నది ఈ రెండోదాన్నే. అసలు మనుషులెవరో దాచిపెట్టి, గుంపుగా ఖాతాలను ఆడించి జనాన్ని నమ్మించడాన్ని ఫేస్‌బుక్ 2018 నుంచి ‘కోఆర్డినేటెడ్ ఇనాథెంటిక్ బిహేవియర్’ అంటోంది.

ఇటలీలో ఉర్బినో విశ్వవిద్యాలయానికి చెందిన ఫాబియో జిల్యెట్టో బృందం తమ దేశంలో 2018, 2019 ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్ పేజీలను గమనించింది. ఒకే లింకును కొన్ని పేజీలు అసాధారణమైన వేగంతో, ఒకసారి కాదు, పదే పదే కలిసి పెడుతున్నాయా అన్నదే వాళ్లు అడిగిన ప్రశ్న. ఒక్కసారైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. అదే జట్టు అదే వేగంతో మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ మాట అనలేం. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన వ్యాసం దీన్ని ఇంకా విస్తరించింది. ఒకే ఫొటోలు, ఒకే వరుసలో హ్యాష్‌ట్యాగులు, ఒకే సమయానికి పోస్టులు, ఇట్లాంటి జాడలతో ఖాతాలను ఒకదానికొకటి గీతలతో కలిపి బొమ్మ గీశారు. మీకు బాగా పనికొచ్చే సంగతి ఒకటి అందులో ఉంది: క్రిప్టో నాణేల ధర పెంచి అమ్ముకోవడానికి ఖాతాలు ఒకేసారి ప్రచారం చేసిన వైనాన్ని కూడా వాళ్లు పరిశీలించారు. అక్కడ ధర లేపడానికి, మీ దగ్గర ఎవరైనా కావాలని చేసి ఉంటే దించడానికి. నడిచే తీరు మాత్రం ఒకటే.

ఇప్పుడు మీ ఫోన్ సంగతికి వద్దాం. ఆ మెసేజ్ పైన బాణం గుర్తు, ‘ఫార్వర్డెడ్’ అనే మాట ఉన్నాయా చూడండి. రెండు బాణాలుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. బాణమే లేకుండా ఐదు గ్రూపుల్లో అక్షరం పొల్లుపోకుండా అదే తప్పుతో ఉంటే, ఎవరో కాపీ చేసి విడివిడిగా అతికించి ఉంటారు. తర్వాత ఐదు గ్రూపుల్లోనూ ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి ఫైళ్లు దాచుకోండి. తేదీ, సమయం, పంపినవారు, మెసేజ్ అన్నీ వరుసగా వస్తాయి. ఒక కాగితం మీద గ్రూపు పేరు, మొదటిసారి వచ్చిన నిమిషం, పెట్టిన నంబరు రాయండి. కిందటేడు ఇట్లాంటి పుకారు ఏదైనా వచ్చి ఉంటే దాన్నీ పక్కనే రాయండి. అవే నంబర్లు రెండుసార్లూ ముందుగా పెట్టాయా? ఆ నంబర్లు మిగతా రోజుల్లో ఏం మాట్లాడాయి? పుకారు రోజున తప్ప నోరు విప్పని నంబరు ఉంటే దాన్ని విడిగా గుర్తు పెట్టుకోండి.

తొందరపడి ఎవరి మీదా వేలు మాత్రం చూపకండి. ఐదు గ్రూపుల్లోనూ ఉన్న ఒకే రైతు తోటివాళ్లకు మేలు చేద్దామని అన్నిట్లో పెట్టి ఉండొచ్చు. కలిసి చేయడమే నేరమూ కాదు. మన హీరోల అభిమానులు పుట్టినరోజున సాయంత్రం ఫలానా టైం అని చెప్పుకుని మరీ ట్యాగ్ ట్రెండ్ చేస్తారు. కంప్యూటర్‌కు అదీ సమన్వయంగానే కనిపిస్తుంది. తేడా తేల్చేది దాపరికం, మోసం. ఆ తేడా చూడడానికి మనిషి కావలసిందే.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కేట్ స్టార్‌బర్డ్, ఆమె సహచరులు 2019లో రాసిన వ్యాసంలో నాకు బాగా నచ్చిన పరిశీలన ఒకటుంది. ఇట్లాంటి ప్రచారాల్లో పనిగట్టుకుని దిగేవాళ్లు కొందరే ఉండొచ్చు. తెలియకుండా చేరే మామూలు జనం వాళ్ల పనిని ముందుకు మోస్తారు. మీ ఊళ్లో ఆ రోజు భయపడి ఫార్వర్డ్ చేసినవాళ్లు తమ కాయను కూడా అట్లాగే తక్కువకు అమ్ముకుని ఉంటారు. వాళ్లను దోషులుగా నిలబెడితే రేపు అసలు సంగతి చెప్పడానికి ఎవరూ ముందుకు రారు.

వచ్చే సీజన్‌కు ముందే మీ మండల ఉద్యానశాఖ అధికారి నంబరు, మీరు కాయ తోలే ఫ్యాక్టరీ నంబరు గ్రూపు వివరణలో పెట్టించండి. రేటు గురించి గానీ, మూత గురించి గానీ మెసేజ్ వస్తే ఫోన్ చేసి అడిగే బాధ్యత ఇద్దరు తీసుకోవాలి. ఆ ఎక్స్‌పోర్ట్ ఫైళ్లలో మీ పొరుగువాళ్ల నంబర్లన్నీ ఉంటాయి. పోలీసులకు ఫిర్యాదు చేస్తే తప్ప ఎవరికీ ఇవ్వకండి, నాకు కూడా.

ప్రశ్న: ఈ పుకార్లన్నీ బాట్ల (మనుషులు కాకుండా ప్రోగ్రామ్‌లు నడిపే ఖాతాల) పని కదా? వాటిని తీసేస్తే సరిపోదా?
– తిరుచానూరు పాఠకుడు

జవాబు: సరిపోదు. ఎంఐటీకి చెందిన వోసూఘి, రాయ్, అరల్ 2018లో ‘సైన్స్’ పత్రికలో రాసిన అధ్యయనం చూడండి. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకిన వార్తల గొలుసులు సుమారు 1,26,000 పరిశీలించారు. అబద్ధపు వార్తను రీట్వీట్ చేసే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువగా కనిపించింది. బాట్లను లెక్కలోంచి తీసేసినా ఫలితం మారలేదు. అవి నిజాన్నీ అబద్ధాన్నీ దాదాపు ఒకే తీరుగా మోశాయి. ఆ తేడాకు కారణం మనుషులే.

ప్రశ్న: నమస్తే మేడమ్. తిరుపతిలో ఎంఏ జర్నలిజం చదువుతున్నాను. తెలుగు పుకార్ల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. డేటా దొరకదని అందరూ భయపెడుతున్నారు.
– ఒక విద్యార్థిని

జవాబు: భయపెట్టడంలో కొంత నిజం ఉందమ్మా. ట్విట్టర్ (ఇప్పుడు ఎక్స్) పరిశోధకులకు డేటా తీసుకోవడానికి ఉచితంగా ఇచ్చిన దారి 2023లో మూసేసింది. జిల్యెట్టో బృందం లాంటివాళ్లు ఆధారపడిన క్రౌడ్‌టాంగిల్‌ను (ఫేస్‌బుక్ పబ్లిక్ పోస్టులు వెతికే సాధనం) ఫేస్‌బుక్ యజమాని మెటా 2024 ఆగస్టులో ఆపేసింది. దాని బదులు పెట్టిన కంటెంట్ లైబ్రరీకి దరఖాస్తు చేసుకోవాలి. టెలిగ్రామ్ పబ్లిక్ ఛానళ్లు మాత్రం ఇంకా చదవగలం. అక్కడ మొదలుపెట్టు.

వాట్సాప్ మీద పని చేయాలంటే పరిశోధకుడు కిరణ్ గరిమెళ్ల రాసినవి తప్పకుండా చదువు. డీన్ ఎకల్స్‌తో కలిసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మన దేశంలోని పబ్లిక్ రాజకీయ గ్రూపుల్లో తిరిగిన బొమ్మల్లో సుమారు 13 శాతం తప్పుడు సమాచారమని తేల్చారు. సందర్భం మార్చి పెట్టిన పాత ఫొటోలు అందులో ఒక పెద్ద రకం.

అయితే నీకోసం మిగిలిన పని ఇంకోటి ఉంది. ఒకే పుకారు వేర్వేరు మాటల్లో వచ్చినా పట్టుకునే పద్ధతి మీద 2021లో ఒక మంచి వ్యాసం వచ్చింది. అందులో ఇంగ్లిష్‌తో పాటు హిందీ, బెంగాలీ, మలయాళం, తమిళం ఉన్నాయి. తెలుగు లేదు. మన ప్రాంతంలో ఆ లోటు ఇంకా పెద్దది. తమిళనాడులోని కృష్ణగిరిలోనూ తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ తమిళంలో పుట్టిన మాట చిత్తూరుకు వచ్చేసరికి తెలుగు వాయిస్ మెసేజ్ అవుతుంది, ఇంకొకరు దాన్నే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగుగా టైప్ చేస్తారు. అక్షరాలు పోల్చే ప్రోగ్రామ్‌కు ఆ మూడూ మూడు వేరు సంగతులు. నీకు తమిళం కూడా వస్తే ఈ పని నీకంటే బాగా చేయగలవాళ్లు తక్కువ. గ్రూపుల్లో చేరే ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకో. పేర్లు, నంబర్లు డేటాలోంచి మొదటి రోజే తీసేయ్.

ప్రశ్న: మా మామగారు రోజూ ఫ్యామిలీ గ్రూపులో ఏవేవో పెడతారు. తప్పని చెబితే అలుగుతారు. ఏం చేయాలి?
– గృహిణి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: గ్రూపులో అందరి ముందూ చెప్పకండి. పెద్దాయనకు అది అవమానం. పరిశోధకురాలు సుమిత్ర బద్రీనాథన్ బిహార్‌లో ఇళ్లకు వెళ్లి గంటసేపు శిక్షణ ఇచ్చి చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, తప్పుడు వార్తలను గుర్తించడంలో సగటున చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తర్వాత ఆ రాష్ట్రంలోనే పిల్లలకు వారాల తరబడి తరగతులు పెడితే మార్పు వచ్చింది, అది ఇంట్లో తల్లిదండ్రులకూ పాకింది. కాబట్టి మీ పిల్లలను ఆయన పక్కన కూర్చోబెట్టండి. ‘తాతా, ఇది నిజమో కాదో చూద్దాం’ అని వార్తల నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌లీ తెలుగు పేజీలో వాళ్లే వెతికి చూపించనివ్వండి. నిజమని తేలినవాటిని ఆయనే గ్రూపులో పెట్టేటట్టు చూడండి.