రెండు జతల ఇయర్‌బడ్స్‌ కనెక్ట్ అయినా ఒక జతలోనే పాట రావడం గురించి

సంగీత సదస్సులో విన్న రాగాలను మీ ఆవిడతో కలిసి సాధన చేయడానికి శాంసంగ్ గెలాక్సీ ఫోన్‌కి రెండు జతల బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కనెక్ట్ చేస్తే, పాట ఒక జతలోనే వస్తోందని అడిగారు కదా. మీ ఇయర్‌బడ్స్ రెండు జతలూ బాగానే ఉండుంటాయి. గెలాక్సీ ఫోన్‌లో 'కనెక్టెడ్' అని రెంటికీ చూపించినా, పాట ఎటు వెళ్లాలో మీరు విడిగా చెప్పాలి. ఎక్కువమంది వదిలేసే మెట్టు అదే.

1. రెండు జతలనూ ముందు విడివిడిగా పెయిర్ చేసి, తర్వాత రెంటినీ కనెక్ట్ చేయండి.
2. పాట మొదలుపెట్టండి.
3. పై నుంచి ప్యానెల్ కిందికి లాగి 'మీడియా అవుట్‌పుట్' నొక్కండి. అక్కడ రెండు పేర్లకూ టిక్ ఉండాలి. సాధారణంగా ఒకదానికే ఉంటుంది.
4. అక్కడే ఎవరి వాల్యూమ్ వాళ్లకి సర్దండి.

ఈ సదుపాయం గెలాక్సీ ఎస్8 నుంచి ఉంది. రెండు జతలు వేర్వేరు కంపెనీలవైతే ఒకరికి పాట కాస్త ఆలస్యంగా వినిపించవచ్చు. వినడానికి ఇబ్బంది లేదు గానీ, ఇద్దరూ కలిసి పాడితే తాళం తప్పుతుంది. కాల్ మాత్రం ఒకరికే వస్తుంది.

మీ ఆవిడ ఐఫోన్ నుంచి వినిపించాలంటే 'షేర్ ఆడియో' ఉంది, కానీ ఎయిర్‌పాడ్స్‌, కొన్ని బీట్స్ మోడళ్లతోనే పనిచేస్తుంది.

కలిసి సాధన చేయడానికే అన్నారు కాబట్టి, నా ఓటు వైరున్న ఇయర్‌ఫోన్లకే. ఒక ఇయర్‌ఫోన్ రంధ్రాన్ని రెండుగా చేసే 3.5 ఎంఎం స్ప్లిటర్‌తో ఆలస్యం తేడా ఉండదు. కొనేటప్పుడు రెండు రంధ్రాల దగ్గరా హెడ్‌ఫోన్ గుర్తే ఉందో లేదో చూడండి. ఒకచోట మైకు గుర్తుంటే అది వేరే రకం, అందులో ఒకరికే వినబడుతుంది.