ఫంక్షన్ హాల్లో ఫోన్‌తో తీస్తే మొహాలు నల్లగా వస్తున్నాయి, ఏం చేయాలి?

తప్పు ఫోన్‌ది కాదు, వెనకున్న వెలుగుది. మన హైదరాబాద్ పెళ్లిళ్లలో స్టేజీ వెనక ఎల్ఈడీ తెరో, సీరియల్ లైట్లో తప్పనిసరి. ఫోన్ ఆ వెలుగును లెక్కేసుకుని ఫొటో మొత్తాన్ని చీకటి చేసేస్తుంది. తెర మీద మొహాన్ని వేలితో తాకి, పక్కనే కనిపించే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపండి. అంతకన్నా మేలు, లైటు వాళ్ల మొహాన పడేలా మీరే పక్కకు జరగడం. ఫ్లాష్ జోలికి పోవద్దు, నుదురు నూనె రాసినట్టు మెరుస్తుంది.

తలంబ్రాలప్పుడు చేతులు ఆగవు. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షట్టర్ వేగం 1/250 సెకను పెట్టండి. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పెంచి చూపే స్థాయి) పెరిగి ఫొటో గరుగ్గా వస్తుంది, రానివ్వండి. గరుకును సరిచేసుకోవచ్చు, అలుక్కుపోయినదాన్ని బాగుచేయడం చాలా కష్టం. ప్రో మోడ్ లేకపోతే వరసగా పది ఫొటోలు తీసి ఒకటి ఉంచుకోండి.

గ్రూప్ ఫొటోకి 0.5ఎక్స్ (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్) వాడితే చివర నిలబడ్డ పెద్దమ్మ రెండింతలు లావుగా కనిపిస్తుంది, ఆ మాట మీరు ఏడాదంతా పడాలి. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 1ఎక్స్‌లోనే తీయండి.

నాకైతే స్టేజీ ఫొటోల కన్నా, కిటికీ పక్కన అమ్మమ్మ మనవరాలి జడలో మల్లెపూలు తురుముతుంటే తీసినవే నచ్చుతాయి. బంతిలో బిర్యానీ ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు మాత్రం ఎవరినీ తీయకండి.