గేటుకు కారు తగిలింది... ఖర్చంతా అద్దెకున్నవాళ్లదేనా?

ప్రశ్న: గత వారం మా అద్దె ఇంటి దగ్గర కారు రివర్స్ చేస్తుంటే గేటుకు తగిలింది. ఒక రెక్క వంగింది, స్తంభానికి సిమెంటు పెచ్చు ఊడింది. గేటు మొత్తం మార్పించి, ఆ డబ్బు అడ్వాన్సులో పట్టుకుంటానని ఇంటి యజమాని అంటున్నారు. కారుకు బీమా ఉంది. అంతా నేనే భరించాలా?

జవాబు: కావాలని చేయకపోయినా, కారు నడిపింది మీరే కాబట్టి బాధ్యత మీదే. ఆ విషయంలో వాదనకు దిగకండి. రోజూ వాడటం వల్ల వచ్చే అరుగుదల కిందికి కూడా ఇది రాదు. అయితే జరిగిన నష్టాన్ని పూడ్చడం వేరు, కొత్త గేటు కొనివ్వడం వేరు. రెక్కను సరిచేసి, కీలు వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందంటే మీరు ఇవ్వాల్సింది ఆ ఖర్చే. మార్చక తప్పదనుకుందాం. 20 ఏళ్లు మన్నే గేటు అప్పటికే 15 ఏళ్లు వాడినదైతే, కొత్తదాని ధరలో పావు వంతు అడగడం న్యాయం.

అందుకే ఈ రోజే ఫోటోలు తీయండి. ఇప్పుడు వంగిన చోట పెయింటు రాలి ఇనుము మెరుస్తూ కనిపిస్తుంది. పాత తుప్పు పొరలు పొరలుగా, ముదురు రంగులో ఉంటుంది. కొన్నాళ్లు పోతే రెండూ ఒకేలా అయిపోతాయి, ఏది మీవల్ల పాడైందో ఎవరూ తేల్చలేరు.

ఇక బీమా సంగతి. ఇతరుల ఆస్తికి జరిగిన నష్టం మోటారు బీమాలోని థర్డ్ పార్టీ భాగం కిందికి వస్తుంది. చిక్కంతా ఒక్క షరతులో ఉంది. పాలసీదారు సొంత ఆస్తికి, ఆయన అధీనంలో ఉన్న ఆస్తికి పరిహారం ఇవ్వబోమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. అద్దె ఇల్లు మీ అధీనంలో ఉన్నదేనని కంపెనీ అనవచ్చు. కొన్ని పాలసీలైతే నివాస గృహాన్ని ఈ మినహాయింపు నుంచి తప్పిస్తాయి. పాలసీ కాగితం తీసి ఆ పేరా చదవండి. ఆ గేటును వేరే వాటాల వాళ్లు కూడా వాడుతుంటే, అది మీ ఒక్కరి అధీనంలో లేదని గట్టిగా చెప్పండి.

యజమానికి ఇంటి బీమా ఉన్నా దానిమీద ఆశ పెట్టుకోకండి. వాహనం ఢీకొంటే వర్తించే పాలసీల్లో కూడా, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ల వాహనమైతే చెల్లించనివి ఉన్నాయి. చెల్లించినా, ఆ డబ్బు రాబట్టుకోవడానికి కంపెనీ మీ దగ్గరికి రావచ్చు.

ఈలోగా "మొత్తం నేనే ఇస్తాను" అని యజమానికి రాసివ్వకండి. తమ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నా, డబ్బిస్తామని మాటిచ్చినా బీమా కంపెనీ క్లెయిమ్‌ను కాదనవచ్చు. జరిగింది జరిగినట్టు ముందు కంపెనీకి చెప్పండి, ఆలస్యం చేయొద్దు. క్లెయిమ్ వేస్తే మీ వంతు ఎంత, వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుందా అన్నవి కూడా అడగండి. మరమ్మతు ఖర్చు వాటికి దగ్గరగా ఉంటే అత్యవసర నిధిలోంచి మీరే ఇచ్చేయడం మేలు. ఒకవేళ సామాన్లు దించడానికి వచ్చిన బండి తగిలి ఉంటే నేను ఇంకోలా చెప్పేదాన్ని. అప్పుడు ముందు అడగాల్సింది ఆ బండివాళ్లనూ, దాని బీమానూ.

అడ్వాన్సును మాత్రం ఇందులో కలపనివ్వకండి. మరమ్మతు బిల్లు చూసి విడిగా చెల్లించండి. అడ్వాన్సు పూర్తిగా అలాగే ఉందని రసీదు మీద రాయించుకోండి. ఇప్పుడు నోటిమాటగా వదిలేస్తే, ఇల్లు ఖాళీ చేసే రోజు సామాను బండెక్కించి ఆ లెక్క కోసం గుమ్మంలో నిలబడి వాదించుకోవాల్సి వస్తుంది.