రైఫిల్ కొనబోయే అల్లుడికి

ఆమదాలవలస

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఫొటోలూ చూశాను. ఒకటి నల్ల ప్లాస్టిక్ స్టాక్ (గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే ఒడలు) ఉన్న కొత్త రూగర్ అమెరికన్, రెండోది వాల్‌నట్ కర్రతో నిగనిగలాడుతున్న పాత వించెస్టర్ మోడల్ 70. అమెరికాలో జింకల వేటకి మొదటి రైఫిల్ కొనాలి, ఆర్మీలో అన్నేళ్ళు తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చేశావు కదా మావయ్యా, ఏది కొనమంటావని అడిగావు. ముందు జవాబు చెప్పేస్తాను: ఇప్పుడు రూగర్ కొను. వించెస్టర్ మీద మనసు పడితే పడనీ, దానికి చాలా టైం ఉంది.

పాతవాటి మీద నాకు ఇష్టం లేక ఈ మాట అనడం లేదు. నేను పని నేర్చుకున్నదే .303 లీ ఎన్‌ఫీల్డ్ మీద. తూటాని లోపలికి తోసి మూసే ఆ బోల్టు నడిచే తీరు, ఆ స్టాక్ భుజానికి ఆనే తీరు ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ కర్రకీ నీళ్ళకీ పడదు. వానాకాలంలో మన పెరటి తలుపు ఉబ్బి బిగుసుకుపోవడం నువ్వు చూశావుగా, రైఫిల్ స్టాక్‌కీ జరిగేది అదే. తడిసిన కర్ర ఉబ్బి బ్యారెల్‌ని, అంటే గొట్టాన్ని, ఒక పక్కకి నొక్కుతుంది. నిన్న నడిమికి తగిలిన తూటా ఇవాళ నాలుగు వేళ్ళు పక్కకి పోతుంది. కాల్చేవాడు తన చెయ్యి వణికిందనుకుంటాడు. పెన్సిల్వేనియాలో జింకల సీజన్ నవంబర్ చివర్లో మొదలవుతుంది, అంటే వాన, మంచు రెండూ ఉంటాయి. మొదటిసారి అడవిలోకి వెళ్ళేవాడికి ఆ టెన్షన్ ఎందుకు?

ప్లాస్టిక్ ఉబ్బదు, వంగుతుంది. చవక రైఫిళ్ళలో నేను మొదట చూసే లోపం అదే. కిందటిసారి అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళ పక్కింటాయన తన రూగర్‌ని టేబుల్ మీద పెట్టి విప్పి చూపించాడు. నేను విజిటర్ వీసా మీద ఉన్నాను కాబట్టి చెయ్యి వెయ్యలేదు, పక్కన కూర్చుని చూశానంతే. స్టాక్ లోపల యాక్షన్‌ని, అంటే తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగాన్ని, పట్టుకునే రెండు లోహపు దిమ్మలు ఉన్నాయి. యాక్షన్ వాటి మీద కదలకుండా కూర్చుంటుంది, బ్యారెల్ ఎక్కడా తగలకుండా గాలిలో ఉంటుంది. ఆ ధరకి అంత చక్కటి పని చూసి నాకు సంతోషం వేసింది. కానీ స్టాక్ ముందు భాగాన్ని ఆయన రెండు వేళ్ళతో నొక్కితే చాలు, బ్యారెల్‌కి తగిలిపోయింది.

అందుకని షాపులోనే ఒక పని చెయ్యి. ముందు నువ్వే బోల్టు తెరిచి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని చూసుకో. తర్వాత ఒక డాలర్ నోటు మడత లేకుండా బ్యారెల్ కిందకి పోనిచ్చి యాక్షన్ వైపు లాగు. ఎక్కడా ఆగకుండా పోవాలి. తర్వాత రైఫిల్ ముందు భాగాన్ని ఒక సంచి మీద ఆనించి, గురి చూసేటప్పుడు పడేంత బరువు పెట్టి మళ్ళీ లాగు. అప్పుడు నోటు ఇరుక్కుంటే ఆ రైఫిల్ వద్దు, అదే మోడల్‌లో ఇంకోటి అడుగు. మంచిది దొరికినా స్లింగ్ (భుజానికి తగిలించే పట్టీ) గట్టిగా బిగించి కాల్చకు, ముందు భాగం మీద బరువు వెయ్యకు.

ఇంత చవగ్గా ఇస్తున్నారంటే గురి సరిగా ఉంటుందా అన్న నీ అనుమానం న్యాయమైనదే. బ్యారెల్‌ని బిగించి చాంబర్ లోతు సరిచూడటం ఒకప్పుడు చెయ్యి తిరిగిన మేస్త్రీ పని. 1958లో వచ్చిన సావేజ్ 110 రైఫిల్ దాన్ని ఒక నట్టుతో తేల్చేసింది. కొలత చూసే గేజి పెట్టి, బ్యారెల్ తిప్పి, నట్టు బిగిస్తే సరి. తర్వాత చాలా చవక రైఫిళ్ళు ఆ దారే పట్టాయి. 2012లో రూగర్ అమెరికన్ వచ్చేనాటికి బ్యారెళ్ళ తయారీ కూడా బాగా మెరుగుపడింది. డబ్బు మిగుల్చుకున్నది స్టాక్‌లోనూ, మ్యాగజైన్‌లోనూ, పైపాలిష్‌లోనూ. కొత్తలో బోల్టు గరగరమంటుంది, వాడగా వాడగా నునుపు తేలుతుంది.

ఇక వించెస్టర్ సంగతి. షాపాయన "క్లాసిక్" అన్నాడని ధర ఒప్పేసుకోకు. మోడల్ 70 పుట్టింది 1936లో. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ దాన్ని మార్చేసింది, పాత జర్మన్ రైఫిల్ మౌజర్ 98 తరహా పెద్ద ఎక్స్‌ట్రాక్టర్‌ని, అంటే తూటా వెనక అంచుని పట్టి లాగే కొక్కేన్ని, తీసేసింది. జనం ఎగబడి కొనేది అంతకుముందువి. రైఫిల్ మీద సీరియల్ నంబరు 7,00,000 దగ్గర్నుంచి ఉంటే అది మార్పు తర్వాతదే. ఆ పాత ఎక్స్‌ట్రాక్టర్ తూటా మ్యాగజైన్‌లోంచి లేస్తుండగానే దాన్ని పట్టేసుకుంటుంది. మీదకి వచ్చే ఎలుగుబంటి ముందు నిలబడ్డవాడికి అది ప్రాణం కాపాడే సంగతి. జింక కోసం వెళ్ళే నీకు దానివల్ల ఒరిగేది తక్కువ. వించెస్టర్‌కి ఉన్న మూడు స్థానాల సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) మాత్రం నాకు చాలా ఇష్టం. మధ్యలో పెడితే తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ కదలకుండా బిగిసే ఉంటుంది, బోల్టు తెరిచి తూటా తీసేయొచ్చు. రూగర్‌లో సేఫ్టీ బొటనవేలి కిందే ఉంటుంది, అది వేసి ఉన్నా బోల్టు తెరుచుకుంటుంది, కాబట్టి అక్కడ లోటేమీ లేదు.

ఎప్పుడైనా పాతది కొంటే స్క్రూల గాట్లు చూడు. చెదిరి ఉంటే తెలియనివాడెవడో విప్పాడని అర్థం. కర్ర, ఇనుము కలిసే గీత కింద తుప్పు ఉందేమో షాపాయన చేత విప్పించి చూడు, పైకి మెరిసే రైఫిళ్ళు అక్కడే బయటపడతాయి. హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకీ చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం, గన్‌స్మిత్‌తో (తుపాకుల మేస్త్రీతో) కొలిపించకుండా ఒక్క తూటా కూడా కాల్చకు. రెమింగ్టన్ 700 రైఫిల్ ఎదురైతే ఇంకో జాగ్రత్త. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని కంపెనీయే వెనక్కి పిలిచింది. బాగుచేయించినట్టు రుజువు లేకపోతే వదిలెయ్.

మిగిలే డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను. రైఫిల్‌తో కలిపి అమ్మే స్కోప్ తీసుకోకు. స్కోప్, దాన్ని బిగించే మౌంట్లు మంచివి విడిగా కొను. మిగిలిందంతా తూటాలకి. క్యాలిబర్ (తూటా సైజు) .308 గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ చాలు. ఈ రూగర్ మూడు కిలోలు కూడా ఉండదు, పెద్ద తూటా వేస్తే భుజాన్ని తన్నుతుంది, ఆ తన్నుకి భయపడి ట్రిగ్గర్ గుంజడం అలవాటైతే వదిలించడం మహా కష్టం.

కాల్పులు సాధన చేసే రేంజిలో వరసగా అయిదు కాల్చి, కాగితం మీద పడ్డ చిల్లుల గుంపు చూసి మురిసిపోవద్దు. సన్న బ్యారెల్ వేడెక్కితే తూటాలు ఎటూ చెదురుతాయి. వేటలో నీకు దక్కేది చల్లటి బ్యారెల్‌లోంచి వెళ్ళే మొదటి తూటా. వెళ్ళిన ప్రతిసారీ ఆ మొదటిది ఒకే కాగితం మీద కాల్చి, దాచి పెట్టు. రెండు నెలల తర్వాత ఆ కాగితమే నీ రైఫిల్ ఎలాంటిదో చెబుతుంది.

నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి కొనడానికి ఇబ్బంది లేదు. నీ రూమ్మేట్ ఇంకా హెచ్1బి మీద ఉన్నాడన్నావు. అలాంటివాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప. కాబట్టి బీరువా తాళం నీ దగ్గరే ఉండాలి, తూటాలు వేరే చోట తాళంలో ఉండాలి. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు అయ్యాకే లైసెన్సు ఇస్తారు, మొక్కుబడిగా కూర్చోకు. తలకీ, ఛాతీకీ, వీపుకీ కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు కనబడాలన్న రూలు నీ ప్రాణం కోసమే పెట్టారు.

ఎప్పుడో దాన్ని ఇక్కడికి తెద్దామన్న ఆశ మాత్రం పెట్టుకోకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నిషేధం. సీతంపేట కొండల కింద పందులు చేలు తొక్కేస్తున్నా రైతు తనంతట తను కాల్చడానికి వీల్లేదు. లైసెన్సున్న పాత కుటుంబాల్లో కనబడే .315 రైఫిళ్ళు కూడా చాలావరకు బీరువాల్లోనే ఉంటాయి.

కొన్నాక బోల్టు తీసి, వెలుతురులో లాకింగ్ లగ్గులు (బోల్టుని మూసి పట్టే పళ్ళు) కనబడేలా ఫొటో పంపు. లగ్గులన్నీ సమానంగా ఆనుతున్నాయో లేదో చూసి చెబుతాను. మీ అమ్మకి ఈ సంగతి నేను చెప్పలేదు, ఆదివారం ఫోన్ చేసి నువ్వే చెప్పు.

మీ మావయ్య